మనం ఓటేసి గెలిపించినోళ్ళు చేసిన చట్టాన్ని కోర్టు ఎలా కొట్టేస్తుంది?

పర్లాకిమిడి_కుర్రోడు:
అందరికీ నమస్కారం. నాది పర్లాకిమిడి, ఓటు ఒడిశాలో, చుట్టాలు సగం మంది పాతపట్నం, టెక్కలి సైడు, కాబట్టి మా ఇంట్లో రెండు అసెంబ్లీల గొడవలూ నడుస్తాయి. మొన్న మా బావతో వాదన పడింది. ఆయన అనేదేటంటే, ఆంధ్రాలో 2019లో 175కి 151 సీట్లిచ్చి జనం కూర్చోబెట్టిన ప్రభుత్వం మూడు రాజధానులంటే, హైకోర్టులో ముగ్గురు జడ్జీలు 2022 మార్చిలో మీ అసెంబ్లీకి ఆ అధికారమే లేదు పొమ్మన్నారు, మరి 151 కంటే 3 పెద్దదా అని. నేను మూడు రాజధానులకి సపోర్టు కాదు, అయినా ఆ లెక్కకి ఏటి చెప్పాలో తోచలేదు.

నా డౌట్లు ఇవి. కోర్టు దేన్ని చూసి కొట్టేస్తుంది, చట్టం బాగోలేదనా, లేకపోతే చేసినోళ్ళ బుద్ధి మంచిది కాదనా? అలా అయితే జడ్జీగారి ఇష్టమే చట్టం కదా? ఇంకోటి, కోర్టు కొట్టేస్తే మళ్ళీ రాజ్యాంగాన్నే మార్చేసుకుంటే సరిపోద్ది కదా, అప్పుడు కోర్టు ఏం చేస్తది? దయచేసి పార్టీ గొడవలు తేవద్దు, వాట్సాప్ ఫార్వర్డులు అస్సలు వద్దు, తెలిసినోళ్ళు చెప్పండి.

కోర్టుపేట_పెద్దాయన:
తమ్ముడూ, పర్లాకిమిడిలో కూర్చుని ఈ ప్రశ్న మమ్మల్ని అడుగుతున్నావా! లా కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెప్పేటప్పుడు తప్పకుండా వచ్చే కేసు మీ ఊరి మహారాజావారిదే. కె.సి. గజపతి నారాయణ దేవ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఒరిస్సా, 1953, సుప్రీంకోర్టు. 1936లో ఒడిశా రాష్ట్రం రావడానికి తిరిగింది ఆయనే, 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని ఆయనే (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవోరు), 1992లో మీ జిల్లాకి పెట్టిందీ ఆయన పేరే. అలాంటాయనే అదే ఒడిశా అసెంబ్లీ చేసిన చట్టం చెల్లదని కోర్టుకెళ్ళారు. ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయారో తెలిస్తే నీ డౌటు సగం తీరిపోద్ది, కొంచెం పెద్దగానే రాస్తాను ఓపిగ్గా చదువు.

స్వాతంత్ర్యం వచ్చాక జమీందారీలు తీసెయ్యడానికి ఒడిశా 1951లో ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. ఎస్టేటు తీసుకుంటే పరిహారం ఇవ్వాలి, ఆ పరిహారం ఎస్టేటు నికర ఆదాయం మీద లెక్క కడతారు. మొత్తం ఆదాయంలోంచి ఖర్చులు, పన్నులు తీసేస్తే మిగిలేది నికరం. తీసెయ్యాల్సిన పన్నుల్లో వ్యవసాయ ఆదాయపు పన్ను ఒకటి. ఇప్పుడు చూడు తమాషా, 1950లోనే ఆ వ్యవసాయ ఆదాయపు పన్నుకి సవరణ తెచ్చి పెద్ద ఆదాయాల మీద రేటు బాగా పెంచేశారు. పన్ను పెరిగితే నికరం తగ్గుద్ది, నికరం తగ్గితే పరిహారం తగ్గుద్ది. జమీందార్ల తరఫు వకీళ్ళు పట్టుకున్నది ఇదే, ఇది పేరుకే పన్ను, అసలు పని మా పరిహారం కొయ్యడం అని.

పరిహారం చాలదు అని నేరుగా అడగొచ్చు కదా అంటావేమో, ఆ తలుపు మూసేశారు. 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 31ఏ అని పెట్టారు, దాంతో ఎస్టేట్ల రద్దు చట్టాల్ని ప్రాథమిక హక్కుల పేరుతో ఎదిరించే వీలు పోయింది. ఇంక మిగిలిన దారి ఒక్కటే, ఈ చట్టం చేసే అధికారం అసెంబ్లీకి లేదు, లేని అధికారాన్ని ఉన్నట్టు వేషం వేసి వాడారు అనడం. దీన్నే కలరబుల్ లెజిస్లేషన్ అంటారు.

జస్టిస్ బి.కె. ముఖర్జీ రాసిన తీర్పు సారం నా మాటల్లో చెప్తాను. చట్టసభకి ఆ విషయం మీద చట్టం చేసే అధికారం ఉందా లేదా, కోర్టు చూసేది అది. ఉంటే, ఏ ఉద్దేశంతో చేశారన్నది అక్కర్లేదు. లేకపోతే, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా నిలబడదు. అయితే పైన అట్టమీద రాసింది చూసి ఊరుకోరు, లోపల సరుకేటో విప్పి చూస్తారు, సూటిగా చెయ్యకూడని పనిని చుట్టు తిప్పి చేస్తే దొరికిపోతారు. ఇక్కడ విప్పి చూస్తే లోపల ఉన్నది నిజంగానే పన్ను. ఏ విషయం మీద కేంద్రం చట్టం చెయ్యాలో, ఏ విషయం మీద రాష్ట్రం చెయ్యాలో రాజ్యాంగంలో జాబితాలు రాసి ఉన్నాయి, వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్రాల జాబితాలో ఉంది, 46వ ఎంట్రీ. పన్ను వల్ల పరిహారం తగ్గితే తగ్గొచ్చు, అయినా అది పన్నే. కొట్టేయడానికి లేదు. పరిహారం 30 ఏళ్ళ వాయిదాల్లో ఇస్తామన్నా కూడా సరే అంది కోర్టు.

దీనికి సరిగ్గా ఎదురు కేసు ఏడాది ముందే ఉంది. 1952లో దర్భంగా మహారాజావారు బీహార్ చట్టం మీద వెళ్తే రెండు ముక్కలు కొట్టేశారు. అందులో ఒకటేటంటే, రైతుల మేలు కోసం పనులు చేయిస్తున్నట్టు మొత్తం ఆదాయంలో 4 నుంచి 12.5 శాతం దాకా తీసెయ్యమన్నారు, జమీందారు ఆ ఖర్చు పెట్టాడా లేదా అన్న సంబంధమే లేదు. లేని ఖర్చుని లెక్కలో రాసి పరిహారం తగ్గించడమే అది. బీహార్ వాళ్ళది ఉత్తుత్తి ఖర్చు, ఒడిశా వాళ్ళది అసలు పన్ను, అందుకే ఆయన కొంత నెగ్గారు, మన రాజావారు ఓడారు.

కాబట్టి మీ బావకి చెప్పు, 3 పెద్దదా 151 పెద్దదా అన్న లెక్క కోర్టులో ఉండదు. 175కి 175 వచ్చినా జాబితాలో లేని సబ్జెక్టు మీద అసెంబ్లీ చట్టం చెయ్యలేదు, ఒక్క సీటు మెజారిటీతో నడిచే ప్రభుత్వమైనా జాబితాలో ఉన్నదాని మీద చెయ్యగలదు. జాబితా పరీక్ష నెగ్గాక రెండో పరీక్ష, 13వ ఆర్టికల్, ప్రాథమిక హక్కుల్ని మీరితే ఆ మేరకు చెల్లదు. రాజధాని తీర్పు సంగతికొస్తే దాన్ని ఆఖరి మాట కింద వాడొద్దు, అందులో పనులకి పెట్టిన గడువుల మీద సుప్రీంకోర్టు 2022 నవంబరులోనే స్టే ఇచ్చింది.

పాతపట్నం_బావ:
నా గురించే మాట్లాడుకుంటున్నారని తెలిసి వచ్చాను 😄 పెద్దాయన గారూ, బాగా చెప్పారు గానీ మీరు చెప్పింది నాకు ఇంకా భయంగా ఉంది. అంటే ఒక ప్రభుత్వం కక్షతో ఎవడో ఒకడిని దెబ్బ కొట్టడానికే చట్టం చేసినా, జాబితాలో ఎంట్రీ ఉంటే చాలు, కోర్టు ఉద్దేశం అడగదా? మరి కోర్టు ఉండి ఏం లాభం?

ఇంకోటి కూడా చెప్పండి. 2014లో జడ్జీల నియామకాలకి కమిషన్ పెడుతూ రాజ్యాంగాన్నే సవరించారు, పార్లమెంటు దాదాపు ఏకగ్రీవంగా పాస్ చేసింది, సగానికి పైగా రాష్ట్రాల అసెంబ్లీలు ఒప్పుకున్నాయి. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు 4-1 తో కొట్టేసింది. తమ ఉద్యోగాల్లోకి ఎవరొస్తారో తామే తేల్చుకునే పద్ధతిని తామే కాపాడుకున్నారు. దీన్ని చెక్ అంటారా, సొంత లాభం అంటారా?

కోర్టుపేట_పెద్దాయన:
రండి బావగారూ. మొదటిదానికి జవాబు, ఉద్దేశం అడగనిది చట్టసభని మాత్రమే. జీవో ఇచ్చిన మంత్రినీ, ఆర్డరు వేసిన కలెక్టరునీ ఉద్దేశం నిలదీసి అడగొచ్చు, కక్షతో చేశాడని రుజువైతే ఆ ఆర్డరు పోద్ది. వందల మంది చేతులెత్తి పాస్ చేసిన చట్టానికి ఒక ఉద్దేశం అంటూ ఎక్కడ వెతుకుతారు, ఒకడు ఓటు కోసం ఎత్తాడు, ఒకడు విప్ భయానికి ఎత్తాడు, ఇంకోడు నిద్రలో ఎత్తాడు. కక్ష చట్టాన్ని పట్టుకునేది 14వ ఆర్టికల్ దగ్గర, అంటే సమానత్వ హక్కు, ఒక్కడినే ఎందుకు వేరు చేశావు, దానికి ఆధారమేటి అని అడుగుతారు.

రెండోదానికి నేను మీతో పోట్లాడను. ఆ తీర్పు నాకూ పూర్తిగా మింగుడు పడలేదు. జడ్జీల నియామకంలో ప్రభుత్వం చెయ్యి పెరిగితే ప్రభుత్వం మీద కేసులు ఎవరు వింటారన్న భయం నిజమే, కానీ కొలీజియం (జడ్జీలే కొత్త జడ్జీల్ని ఎంచే ఇప్పటి పద్ధతి) ఎలా నడుస్తోందో తలుపు సందులోంచి కూడా కనిపించదన్న మాటా నిజమే. ఆ బెంచిలోనే ఒక జడ్జీగారు కమిషన్ ఉండాలని విడిగా రాశారు, అది కూడా చదవండి.

సిరొంచ_గోదారి:
మాది సిరొంచ, గోదావరి దాటితే కాళేశ్వరం. ఇంట్ల తెలుగు, సర్కారు కాయిదాలు మరాఠీల. మీరందరు చట్టం గురించి మాట్లాడుతున్నరు, నేను సభ లోపలి ముచ్చట చెప్త. 2021 జులై 5 నాడు మా మహారాష్ట్ర అసెంబ్లీల లొల్లి అయ్యింది, కుర్సీల కూసున్నాయనతోటి దురుసుగ చేసిన్రని 12 మంది బీజేపీ ఎమ్మెల్యేలని ఒక ఏడాది సస్పెండ్ జేసుకుంట సభ తీర్మానం పెట్టి పాస్ జేసింది. అండ్ల మా దిక్కు చంద్రపూర్ జిల్లా చిమూర్ ఎమ్మెల్యే కూడ ఉన్నడు.

మామూలుగ అయితే సభ లోపల జరిగినదాంట్ల కోర్టు వేలు పెట్టద్దు, 212వ ఆర్టికల్ అదే చెప్తది, పద్ధతి తప్పిందని చెప్పి సభ పనిని కోర్టుల అడుగరాదు. సర్కారు వకీళ్ళు గదే పట్టుకున్నరు. అయినా 2022 జనవరి 28 నాడు సుప్రీంకోర్టు ఆ సస్పెన్షన్ కొట్టేసింది. పద్ధతి తప్పితే మేం చూడం గని చట్టమే తప్పితే చూస్తం అన్నది. లెక్క మస్తు సక్కగుంటది ఇనుండ్రి. సభ రూల్స్ ప్రకారం సస్పెండ్ జేస్తే ఆ దినం వరకు, లేకుంటే ఆ సెషన్ వరకు. ఏడాది అంటే ఆ ఊర్ల జనానికి ఏడాది నోరు లేనట్టే. సభ్యుడిని మొత్తానికే తీసేస్తే సీటు ఖాళీ అయితది, ఆరు నెలలల్ల ఎలక్షన్ పెట్టి కొత్తాయనను తెచ్చుకోవచ్చు. సస్పెండ్ జేస్తే సీటు ఖాళీ గాదు, మనిషీ ఉండడు. అంటే బహిష్కరణ కన్న గిదే పెద్ద శిక్ష. ఇంకోటి, మెజారిటీ అటూ ఇటూ ఊగే సభల పన్నెండు మందిని ఏడాది బయట కూసోబెడితే సర్కారు నిలబడుడు సుత మారిపోతది.

నేను ఆ పార్టీ మనిషిని గాదు, ముందే చెప్తున్న. రేపు వాళ్ళది మెజారిటీ ఉన్నప్పుడు గీ తీర్పే ఇంకోళ్ళకు పనికొస్తది.

బరంపురం_పట్టు:
లోపల, బయట అన్నారు కాబట్టి మా బరంపురం ముక్క ఒకటి. 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాలతో పాటు మా బరంపురం నుంచి కూడా గెలిచారు, ఉంచుకున్నది మా సీటే. ఆయన పేరు మీదే 1998 తీర్పు ఉంది, 1993 అవిశ్వాస తీర్మానంలో డబ్బు తీసుకుని ఓటేసిన ఎంపీలకి సభలో వేసిన ఓటు కాబట్టి కేసు నుంచి రక్షణ ఉందని 3-2 తో చెప్పారు. అందులో వింత ఏంటంటే డబ్బు తీసుకుని ఓటెయ్యనాయనకి ఆ రక్షణ లేదు! మాట మీద నిలబడిన లంచగొండికి రక్షణ, మాట తప్పినోడికి కేసు. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ తీర్పు తప్పన్నారు, సీతా సోరెన్ కేసులో, లంచం తీసుకోవడం సభ పనిలో భాగం కాదు అని. పి.వి. గారిని మాత్రం ఢిల్లీ హైకోర్టు 2002లోనే నిర్దోషి అంది, అది కూడా రాయకపోతే అన్యాయం. 26 ఏళ్ళు పట్టింది ఒక తీర్పు సరిదిద్దుకోడానికి, అదీ కోర్టే సరిదిద్దుకుంది, ఈ మధ్యలో పార్లమెంటు తనంతట తాను ఆ రక్షణ తీసేసుకోవచ్చు కదా, తీసుకోలేదు మరి.

గుణుపురం_టీచరమ్మ:
అందరూ కోర్టు మంచే చేస్తుందన్నట్టు రాస్తున్నారు, రెండో వైపు కూడా వినండి. నాది గుణుపురం, మా వదినోళ్ళది అవతల సీతంపేట ఏజెన్సీ. ఉమ్మడి ఆంధ్రాలో 2000 జనవరిలో జీవో 3 ఇచ్చారు, ఏజెన్సీ ఊళ్ళలో టీచరు పోస్టులన్నీ అక్కడి గిరిజనులకే అని. గిరిజన ప్రాంతాల పాలన గురించి రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు గవర్నరుకి ఇచ్చిన అధికారంతో ఇచ్చిందది. ఎందుకిచ్చారు, బయట నుంచి వచ్చే టీచర్లు కొండ మీద ఉండరు, భాష రాదు, బడి తాళం వేసి ఉంటాది, ఇది పేపర్లో చదివింది కాదు మేము చూసిందే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు అది చెల్లదన్నారు, నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వ హక్కుకి విరుద్ధం, గవర్నరు ఉన్న చట్టాన్ని మార్చి వర్తింపజెయ్యగలరు గానీ ప్రాథమిక హక్కుల్ని దాటలేరు అని. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు ఉంచారు, ఇకమీదట అలా చెయ్యకూడదన్న షరతు మీద. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఖర్చుల కింద 5 లక్షలు కట్టమన్నారు కూడా.

న్యాయం ప్రకారం తీర్పు కరెక్టేనేమో, నేను వాదించలేను. కానీ మా రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డు ఏరియానే, ఇక్కడ కూడా రేపు ఎవరైనా ఇలాంటిది తెద్దామనుకుంటే ఆ తీర్పే అడ్డం. అదే సుప్రీంకోర్టు 2013లో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వకాల గురించి గ్రామసభల్ని అడగండి అంటే, రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు వద్దని చెప్పి కొండ నిలబెట్టుకున్నాయి. కొండని కాపాడిందీ వాళ్ళే, కొండ మీద మాస్టారు ఉద్యోగం తీసిందీ వాళ్ళే, ఏమనాలి చెప్పండి.

పర్లాకిమిడి_కుర్రోడు:
మేడమ్, మీరు చెప్పింది ఆలోచించాల్సిందే. పెద్దాయన గారూ, మా రాజావారి కేసు ఇంట్లో చెప్తే మా తాతయ్య చాలాసేపు నవ్వారు. నా ఆఖరి ప్రశ్న మిగిలిపోయింది, రాజ్యాంగాన్నే మార్చేస్తే? మొదటి సవరణతో తలుపు మూసేశారని మీరే అన్నారు కదా, అలా అన్ని తలుపులూ మూసేస్తే?

కోర్టుపేట_పెద్దాయన:
మూసేద్దామనే చూశారు. ఆ మొదటి సవరణలోనే తొమ్మిదో షెడ్యూలు అని ఒక పెట్టె పెట్టారు, అందులో వేసిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో కొట్టెయ్యకూడదు. మొదట 13 భూసంస్కరణ చట్టాలు వేశారు, తర్వాత భూమితో సంబంధం లేనివి కూడా వేసుకుంటూ పోయారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని 7-6 తో చెప్పారు, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ దాని మౌలిక స్వరూపం చెడగొట్టకూడదని. ఒక్క ఓటు తేడా చూడు, అటు పడి ఉంటే ఇవాళ నీ ప్రశ్నకి జవాబు వేరేగా ఉండేది. మూడేళ్ళు తిరక్కుండానే పరీక్ష వచ్చింది, ప్రధాని ఎన్నికని కోర్టు చూడకూడదని 1975లో 39వ సవరణ తెస్తే ఆ ముక్క కొట్టేశారు. అది కూడా ఎమర్జెన్సీ నడుస్తున్నప్పుడు. తర్వాత 2007 జనవరిలో తొమ్మిది మంది బెంచి, కొయెల్హో కేసు, 1973 ఏప్రిల్ 24 తర్వాత తొమ్మిదో షెడ్యూలులో వేసినవాటిని కూడా ఆ మౌలిక స్వరూపం పరీక్షకి పెట్టొచ్చంది.

ఆ మౌలిక స్వరూపంలో ఏమేం ఉన్నాయో ఎక్కడా లిస్టు రాసి లేదు, కేసు కేసుకీ జడ్జీలే చెప్తారు. బావగారు గింజుకునేది ఇక్కడే అని నాకు తెలుసు, ఆయన గింజుకోవడంలో తప్పు లేదు.

ఇంకొక ముక్క. కోర్టు కొట్టేశాక చట్టసభ ఊరికే ఉండిపోవాలని లేదు. ఏ లోపం చూపించి కొట్టేశారో ఆ లోపం సరిచేసి మళ్ళీ చట్టం చెయ్యొచ్చు, వెనక తేదీ నుంచి కూడా చెయ్యొచ్చు. ఆ తీర్పు మాకు వర్తించదు అని మాత్రం రాసుకోకూడదు, కావేరీ గొడవలో కర్ణాటక 1991లో అలాంటి ఆర్డినెన్సే తెస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అలాగే హైకోర్టు కొట్టేస్తే అయిపోయినట్టు కాదు. మన ఒడిశా 1967 మత స్వేచ్ఛ చట్టం ఉందిగా, కటక్ హైకోర్టు అది రాష్ట్రం పరిధి కాదని కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవే, పరిధిలోదే అని నిలబెట్టింది. మళ్ళీ చూడు, అక్కడ కూడా కొట్లాట చట్టం మంచిదా చెడ్డదా అని కాదు, ఏ జాబితా అని. రాజావారి కేసులో అడిగిన ప్రశ్నే.

పాతపట్నం_బావ:
సరే ఒప్పుకున్నాను, 151 లెక్క వదిలేస్తున్నాను. కానీ ఆ లిస్టు లేని మౌలిక స్వరూపం మాత్రం వదల్ను. మరి ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే ఆ సరిహద్దు కొటియా ఊళ్ళ సంగతేంటి? 2021లో మా వైపు వాళ్ళు అక్కడ పంచాయతీ ఎలక్షన్లు పెడితే కోర్టు ధిక్కారం అంటూ ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్ళింది. అక్కడ ఏ అసెంబ్లీ చట్టం నడవాలి?

కోర్టుపేట_పెద్దాయన:
బావగారూ, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇందులో కలిపితే రాయగడ వాళ్ళూ కొరాపుట్ వాళ్ళూ వచ్చి తెల్లారేదాకా కొట్టుకుంటారు 😄 ఒక్కటి చెప్పి ఆపుతాను, అసెంబ్లీ చట్టం సాధారణంగా ఆ రాష్ట్రం సరిహద్దు లోపలే, 245వ ఆర్టికల్. సరిహద్దు మార్చడం ఏ అసెంబ్లీ చేతిలోనూ లేదు, 3వ ఆర్టికల్ కింద పార్లమెంటు పని. కుర్రోడా, రాజావారి తీర్పు సుప్రీంకోర్టు సైటులో ఊరికే దొరుకుద్ది, 1953 పెట్టి వెతుకు. ముందు చట్టం సెక్షన్లు వస్తాయి, విసుగొస్తే అవి వదిలేసి కలరబుల్ లెజిస్లేషన్ అన్న దగ్గర్నుంచి చదువు, తాతయ్యకి కూడా చదివి వినిపించు.